ఎర్ర చుక్క గొట్టం

నేను ఒక గొట్టాన్ని. ఇంటికి నీళ్ళు తెచ్చే గొట్టాన్నో, పొయ్యికి గ్యాసు తెచ్చే గొట్టాన్నో అయితే చెప్పుకోవడానికి కాస్త పరువుండేది. నేను మూడు మూరలకు కాస్త తక్కువ పొడవూ, చిటికెన వేలంత లావూ ఉన్న నల్ల రబ్బరు గొట్టాన్ని. ఎవరి మీదైనా చులకన కలిగితే మనుషులు "వాడో గొట్టంగాడు" అనేస్తారు. ఆ మాట విన్నప్పుడు కోపం రాదు గానీ, అన్నవాడి బండి మూత ఎత్తి లోపల చూపించాలనిపిస్తుంది. మావాళ్ళు పదిమంది కలిసి పనిచేయకపోతే ఆ బండి వీధి మలుపు కూడా తిరగదు.

నీళ్ళ గొట్టంలో నీళ్ళు పోతాయి, గ్యాసు గొట్టంలో గ్యాసు పోతుంది. నాలో ఏం పోతుందని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. ఇంజను గాలిని లాగేసుకున్నాక మిగిలే ఖాళీ ఉంది చూశారూ, దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడమే నా ఉద్యోగం. మెకానిక్కులు దాన్ని వ్యాక్యూమ్ అంటారు. ఏమీ లేకపోవడానికి కూడా బలం ఉంటుందని, అది ఒక్కోసారి ఉన్నదానికంటే గట్టిగా లాగుతుందని నేను చిలకలూరిపేటలో తెలుసుకున్నాను.

అంతకు ముందు సంగతి కొంచెం చెప్పాలి. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు, వేడి రబ్బరు ముద్ద ఒక యంత్రం నోట్లోంచి దిగుతూ నేను పుట్టాను. పైన నూలు అల్లారు, ఆ నూలు మీద మరో పొర రబ్బరు వేశారు. యాభై మీటర్ల చుట్టలో ఒక భాగంగా గుంటూరు చేరి, ఒక స్పేర్ పార్టుల కొట్లో కొక్కేనికి వేలాడాను. నన్ను మొదట కొన్నది ఒక హోమియో డాక్టరు. ఆయన ముందు గదిలో చేపల తొట్టె ఉంది, దానికి గాలి పంపడానికి మూడు మీటర్లు కోయించుకుని వెళ్ళాడు. ఒక్క రోజు చేపల మధ్య ఉన్నాను. వాటికి నాతో ఏ పేచీ లేదు. డాక్టరు గారి భార్య మాత్రం, "చూసినప్పుడల్లా నీళ్ళలో తాచుపాము ఉన్నట్టుంది, తీసెయ్యండి," అంది. మర్నాడు మళ్ళీ కొట్టుకే వచ్చాను. కోసిన గొట్టం చుట్టలో కలవదు కదా. కొట్టువాడు నన్ను ముక్కల బుట్టలో పడేశాడు.

ఆ బుట్టలోంచి నన్ను తీసినవాడు మీరావలి.

మీరావలికి అరవై దగ్గర పడ్డాయి. కళ్ళద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి, వాటికోసం చేతులతో బల్లంతా వెతుకుతూ ఉంటాడు. గొట్టం కొనడానికి వచ్చినవాళ్ళంతా వేళ్ళతో నొక్కి చూస్తారు. ఆయన నా ఒక కొస పెదాల మధ్య పెట్టుకుని, రెండో కొస బొటనవేలితో మూసి, గట్టిగా గాలి పీల్చాడు. నేను లోపలికి అణిగిపోకుండా నిలబడ్డాను. ఆయన తలూపాడు. నా జీవితంలో ఎవరైనా నన్ను పరీక్షించి బాగున్నావని చెప్పడం అదే మొదటిసారి.

చిలకలూరిపేటలో ఆయన షెడ్డు చుట్టూ లారీలకు బాడీలు కట్టేవాళ్ళు ఉంటారు. ఉత్త చాసిస్, స్టీరింగూ ఇంజనూ మాత్రమే ఉన్న అస్థిపంజరం లాంటి బండి వస్తుంది. వడ్రంగులు, వెల్డర్లు, రంగులు వేసేవాళ్ళు కలిసి నెల రోజుల్లో దాన్ని పెళ్ళికూతుర్ని చేసి పంపిస్తారు. అందుకే భద్రయ్య తన కారు సంగతి ఎత్తినప్పుడు ఆ వీధిలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు.

భద్రయ్య ముప్ఫై ఏళ్ళు లారీ నడిపాడు. మిరపకాయల లోడుతో కలకత్తా దాకా వెళ్ళి, తిరుగు లోడుతో వచ్చేవాడు. ఎనిమిదేళ్ళ క్రితం రోడ్డు పక్కన టైరు మారుస్తుంటే జాకీ జారి, ఎడమ కాలు మోకాలి కిందికి పోయింది. ఇప్పుడు హైవే మీద టైర్ల కొట్టు నడుపుతున్నాడు. పెట్టుడు కాలితో బాగానే నడుస్తాడు. కానీ క్లచ్చు ఎంత లోతు తొక్కిందీ, ఎప్పుడు పట్టిందీ ఆ కాలికి తెలియదు. ఈ ఎనిమిదేళ్ళూ ఎక్కడికి వెళ్ళినా ఎవరి పక్కనో కూర్చుని వెళ్ళాడు. పక్క సీట్లో కూర్చున్న డ్రైవరంత ఇబ్బంది పెట్టే మనిషి లోకంలో ఇంకొకరు ఉండరట. మలుపు వస్తే లేని కాలు కదులుతుందట.

కోయంబత్తూరు దగ్గర ఒక చిన్న కర్మాగారం కారును ముక్కలుగా పంపుతుందని ఆయనకు ఎవరో చెప్పారు. ఐదు చెక్క పెట్టెలు వచ్చాయి. ఇనుప గొట్టాల చట్రం, ఫైబరు బాడీ, ఇరుసులు, నంబర్లు వేసిన సంచుల్లో నట్లూ బోల్టులూ. ఇంజను మాత్రం మనమే చూసుకోవాలి. గుద్దుకున్న కారు ఒకదాన్లోంచి బతికి బయటపడ్డ టర్బో పెట్రోలు ఇంజనును మీరావలి వెతికి తెచ్చాడు.

పక్క షెడ్డులో జక్రయ్య అని ఆటో ఎలక్ట్రీషియను ఉన్నాడు. పనికంటే మాట ముందు నడిచే మనిషి.

"ఏం భద్రయ్యా, గేర్లు లేని ఆటోమేటిక్ కారు ఒకటి కొనుక్కుంటే పోయిద్దిగా. ఎందుకీ తంటా?" అన్నాడు.

"గేరు మార్చకుండా బండి నడిపితే నడిపినట్టా? ఉయ్యాల్లో కూచున్నట్టు," అన్నాడు భద్రయ్య.

"మరి క్లచ్చు ఎవరు తొక్కుతారు, మీ బామ్మర్దా?"

"తొక్కేవాణ్ణి మీరా తయారు చేత్తన్నాడులే."

ఆ తొక్కేవాణ్ణి నేనే. ఒక్కణ్ణే అని చెప్పను, ఒక ఏర్పాటులో భాగం. గేరు రాడ్డు తలకాయలో చిన్న బటను ఉంటుంది. అది నొక్కితే, కొబ్బరికాయంత ట్యాంకులో దాచిన ఖాళీ క్లచ్చు తీగను లాగుతుంది. వదిలితే క్లచ్చు మెల్లగా పడుతుంది. కాలు అక్కర్లేదు. ఆ ట్యాంకులోకి ఇంజను నుంచి ఖాళీని తెచ్చిపెట్టేది నేను.

మామూలు ఇంజనుకైతే ఇది గంట పని. టర్బోతో చిక్కు వచ్చింది. ఇంజను వదిలే పొగతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది, దానితో పాటు ఇంకో చక్రం తిరిగి బయటి గాలిని బలవంతంగా ఇంజనులోకి నెడుతుంది. అదే టర్బో. దాంతో ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు పీలుస్తుంది, ఎక్సలేటరు తొక్కినప్పుడు నాలాంటి గొట్టంలోకి ఎదురు ఊదుతుంది.

"నలభయ్యేళ్ళుగా పీల్చే ఇంజన్లే చూశా," అన్నాడు మీరావలి. "ఇదేందిరా, అదే నోటితో పీలుద్ది, అదే నోటితో ఊదుద్ది."

"మా అత్త కూడా అంతే భాయ్," అన్నాడు జక్రయ్య. "అల్లుడొస్తే ఒక గాలి, కోడలొస్తే ఇంకో గాలి."

మీరావలి ట్యాంకు మూతికి ఒక చిన్న వాల్వు బిగించాడు. అది గాలిని బయటికి పోనిస్తుంది, లోపలికి రానివ్వదు. ఇంజను ఎంత ఊదినా ట్యాంకులో దాచిన ఖాళీ చెడదు. ఇక రెండో గొట్టం కావాలి. టర్బో గాలి మరీ ఎక్కువైతే పొగను పక్కదారి పట్టించే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, దానికి టర్బో ఊదే గాలి రుచి చూపిస్తూ ఉండాలి. మీరావలి నన్ను సరిగ్గా సగానికి కోశాడు. అంటే ఆరు మూరల నేను మూడు మూరల నేనూ, మూడు మూరల తమ్ముడూ అయ్యాం. ఒకే రంగు, ఒకే లావు, ఒకే పొడవు. నేను పీల్చేవాణ్ణి, తమ్ముడు ఊదేవాడు.

మాకు దారి వెయ్యడానికి ఆయన మూడు రోజులు తీసుకున్నాడు. ముందు గొట్టం పెట్టడు. పురికొస తీసుకుని ఇంజను చుట్టూ తిప్పి చూస్తాడు, దర్జీ కొలతలు తీసినట్టు. ఇక్కడ అంచు కోసుకుంటుంది, ఇక్కడ ఫ్యాను తగులుతుంది, ఇక్కడ మరీ మడత పడుతుంది అనుకుంటూ తీసి మళ్ళీ తిప్పుతాడు. టర్బో ఉన్న వైపు ఇనుము నిప్పులా కాలుతుంది. అటు అడ్డంగా పోతే జానెడు దూరం కలిసొస్తుందని జక్రయ్య సలహా ఇచ్చాడు.

"గొట్టానికి దగ్గర దారి చూడకూడదు, చల్లటి దారి చూడాలి," అన్నాడు మీరావలి.

చివరికి మా ఇద్దరినీ ఒకే గుడ్డ తొడుగులో పెట్టి, ఇంజను ముందు నుంచి చుట్టూ తిప్పి అవతలి వైపు చేర్చాడు. బిగుతుగా లాగలేదు. ఇంజను ఊగినప్పుడు మేమూ ఊగాలి కదా, అందుకని రెండంగుళాల వదులు వదిలాడు. ఆ వదులు ఎంత పెద్ద దయో బిగించి కట్టిన గొట్టాలకు తెలుస్తుంది.

తొడుగులోంచి బయటికి వచ్చిన కొసల్లో ఎవరు ఎవరో తెలియాలి. మీరావలికి కాగితం మీద రాసి అంటించడం ఇష్టం ఉండదు. లారీలకు వేసే ఎనామెలు రంగుల డబ్బాలు ఆ వీధిలో అడుగడుగునా ఉంటాయి. పీల్చే గొట్టానికి ఎర్ర చుక్క, ఊదే గొట్టానికి పసుపు చుక్క పెట్టాడు. మేము తగులుకునే చోట్ల కూడా అవే చుక్కలు. చక్రాలు నేలకు తగలకుండా కారును దిమ్మల మీదికి ఎత్తి, తనే కూర్చుని పదిసార్లు గేరు మార్చి చూశాడు. పదిసార్లూ క్లచ్చు వెన్నలా పడింది.

"దసరా వెళ్ళగానే మిల్లు ఆవరణలో నువ్వే నడుపు," అన్నాడు భద్రయ్యతో. ఊరి చివర మూతపడ్డ స్పిన్నింగ్ మిల్లు ఒకటి ఉంది. చుట్టూ గోడ, లోపల విశాలమైన సిమెంటు నేల. రోడ్డెక్కే కాగితాలు లేని బండికి అంతకంటే మంచి చోటు దొరకదు.

దసరా నాడు షెడ్డులో ఆయుధపూజ చేయడానికి భద్రయ్య భార్య వెంకాయమ్మ వచ్చింది. మీరావలి ప్రతి ఏడూ షెడ్డు కడిగించి, పనిముట్లు వరసగా పేర్చి, ఆమెకు అప్పగించి బయట కూర్చునేవాడు. ఆమె ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తుంది. కొత్త కారు కాబట్టి ఆ ఏడు ఆమె గిన్నెడు పసుపు కలుపుకొచ్చింది. స్టీరింగుకు పెట్టింది, దీపాలకు పెట్టింది, చక్రాలకు పెట్టింది. తర్వాత మూత ఎత్తించి ఇంజనుకు పెట్టింది. అక్కడితో ఊరుకోలేదు.

"ఈ నల్లవి ఏంది అన్నయ్యా?"

"గొట్టాలమ్మా. అదిగో, అదే మీ ఆయన కాలు."

ఆ మాటతో ఆమె మా కొసలను ఒక్కొక్కటిగా పట్టుకుని, పసుపు రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది. మేము తగులుకునే చోట్ల కూడా రాసింది. ఒక్కదాన్నీ చిన్నబుచ్చలేదు. నాకు ఎవరూ ఎప్పుడూ బొట్టు పెట్టలేదు. ఆ రోజు నేను చాలా గొప్పగా ఉన్నాననుకున్నాను. నా ఎర్ర చుక్క పసుపు కింద మునిగిపోయిందని నాకు తోచలేదు.

మర్నాడు చూస్తే టర్బోకు నూనె తెచ్చే పైపు దగ్గర తడి కనిపించింది. అది సరిచేయాలంటే అవతలి వైపు మా కొసలు ఊడదీయాలి. మీరావలి ఊడదీశాడు, నూనె కారడం ఆపాడు, మళ్ళీ బిగించబోయాడు. ఆ చేతుల రాపిడికి నా మీది కుంకుమ రాలిపోయి పసుపు మాత్రం మిగిలింది. తమ్ముడి పసుపు చుక్క మీద వెంకాయమ్మ పెట్టిన కుంకుమ ఎర్రగా నిలిచింది. మీరావలి అద్దాలు నుదుటి మీద ఉన్నాయి. ఎర్రది ట్యాంకుకు, పసుపుది డబ్బాకు. టకటకా బిగించేశాడు.

అలా ఖాళీ తేవలసిన ట్యాంకుకు తమ్ముడు, గాలి తేవలసిన డబ్బాకు నేను తగులుకున్నాం. అరవాలంటే గొట్టానికి నోరుంది గానీ గొంతు లేదు.

మూడో రోజు పొద్దున మిల్లు ఆవరణకు కారును తాడుతో లాక్కెళ్ళారు. భద్రయ్య ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. వెంకాయమ్మ గోడ నీడన నిలబడింది. జక్రయ్య తను బిగించిన బటను పనిచేస్తుందో లేదో చూడటానికి పక్కనే నడుస్తానన్నాడు. భద్రయ్య స్టీరింగు మీద చేతులు పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

బటను నొక్కాడు. ట్యాంకులో పాత ఖాళీ ఒక్కసారికి సరిపడా మిగిలి ఉంది, ఆ చిన్న వాల్వు దాన్ని నమ్మకంగా కాపాడింది. క్లచ్చు కదిలింది. మొదటి గేరు పడింది. బటను వదిలాడు. బండి మెల్లగా కదిలింది. ఎనిమిదేళ్ళ తర్వాత ఆయన చేతికింద ఒక బండి కదిలింది. వెంకాయమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇరవై గజాలు పోయాక రెండో గేరు కోసం మళ్ళీ బటను నొక్కాడు. ఈసారి ట్యాంకులో ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా లేదు, అదే బాధ. గేర్లు కరకరమని అరిచాయి. బండి ఎగిరెగిరి పడుతూ ముందుకు పోయింది. ఆయన కుడికాలితో బ్రేకు తొక్కాడు. ఇంజను దగ్గి ఆగింది. కారు ముక్కు, ఎప్పుడో వదిలేసిన దూది బేళ్ళ దొంతికి ఆని నిలిచింది. పక్కనే గోడ ఉంది. గోడకు తగలకుండా దూదికి తగలడం ఒక అదృష్టం, కానీ ఆ క్షణంలో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మళ్ళీ స్టార్టు చేసి చూశారు. క్లచ్చు చచ్చిపోయింది.

"నా స్విచ్చి బాగానే ఉంది. టిక్కుమంది, నా చెవులారా విన్నా," అన్నాడు జక్రయ్య, ఎవరూ అడగకుండానే.

"స్విచ్చిది కాదు," అన్నాడు భద్రయ్య. కారులోంచి దిగలేదు. "తప్పు నాదే. మొదటిసారి పట్టిందిగా. రెండోసారి బండి ఎగిరేసరికి చెయ్యి సంగతే మర్చిపోయా మీరా. కాలితో తొక్కా."

"ఏ కాలితో?"

"లేనిదాంతోనే. ఎనిమిదేళ్ళయినా ఆ కాలే ముందు పోయిద్ది. బటను వదిలేసి ఉంటా. కర్రుమంది, లోపలేదో తెగింది."

 మీరావలికి కూడా అలాగే అనిపించింది కాబోలు.

"ఇప్పుడు దూది కాబట్టి సరిపోయింది," అన్నాడు భద్రయ్య. "అక్కడ మనిషి ఉంటే? రేపు విప్పేయ్. ఇంజను ఎవరికన్నా పనికొచ్చిద్ది. ఇక నేను బండి ఊసెత్తను."

ముప్ఫై ఏళ్ళలో ఒక్క మేకను కూడా గుద్దని డ్రైవరు అన్న మాట అది. కోపంగా అని ఉంటే మీరావలి కసురుకునేవాడు. మామూలు గొంతుతో అన్నాడు.  ఇంటికి వెళ్ళేటప్పుడు ఎవరి బండిలోనో, మళ్ళీ పక్క సీట్లోనే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున భార్యాభర్తలిద్దరూ షెడ్డుకు వచ్చారు. విప్పుతుంటే పక్కన ఉండాలని ఆయన, ఆయన్ని ఒంటరిగా వదలకూడదని ఆమె. ఆమె చేతిలో టిఫిను క్యారియరు ఉంది.

మీరావలికి ఒక అలవాటుంది. ఏ ఇంజనైనా సరే, విప్పే ముందు ఒక్కసారి నడిపించి వింటాడు. "పోయేవాడి మాట వినకుండా పంపకూడదు," అంటాడు. ఇంజను స్టార్టు చేశాడు. అది ముసలి పిల్లిలా గురగుర పెట్టింది. ఆయన వంగి, ట్యాంకు నుంచి తమ్ముడిని ఊడదీసి, కొసకు బొటనవేలు ఆనించాడు.

వేలు అతుక్కోలేదు.

ఆయన మొహం మారింది. కొస చెంప దగ్గర పెట్టుకున్నాడు. లోపల్నుంచి లాగుడే లేదు, బిడ్డ ఊపిరంత గాలి బయటికే వస్తోంది. తర్వాత డబ్బా నుంచి నన్ను ఊడదీశాడు. నేను ఆయన బొటనవేలిని చప్పున పట్టుకున్నాను. నా జీవితంలో దేన్నీ అంత గట్టిగా పట్టుకోలేదు. మూడు రోజులుగా చెప్పాలనుకున్నదంతా ఆ పట్టులోనే చెప్పాను.

ఇంజను ఆపి, అద్దాలు నుదుటి నుంచి కళ్ళ మీదికి దించాడు. పెట్రోలులో ముంచిన గుడ్డతో నా కొస తుడిచాడు. పసుపు పోయింది. కింద ఎర్ర చుక్క ఎప్పట్లాగే ఉంది. తమ్ముణ్ణి తుడిచాడు. కుంకుమ పోయింది, పసుపు చుక్క బయటపడింది. 

"ఏంది మీరా?" అన్నాడు భద్రయ్య.

"ఇది ట్యాంకుకు పోవాల, అది డబ్బాకు పోవాల. నేను తారుమారు బిగించా. మొన్న నూనె పైపు సరిచేసి బిగించేటప్పుడు."

"అంటే?"

"అంటే నీ ట్యాంకులోకి ఏమీ రాలేదు. మొదటిసారి పట్టింది పాత సరుకు. రెండోసారి నువ్వు బటను నొక్కినా, నొక్కకపోయినా, నీ బదులు నేను కూచున్నా అంతే. గేరు కర్రుమనేదే."

"నొక్కాడు కూడా," అన్నాడు జక్రయ్య గుమ్మంలోంచి. ఇంజను శబ్దం వినబడితే ఆయన తన షెడ్డులో ఉండలేడు. "టిక్కుమందని నిన్ననే చెప్పా. నా మాట ఎవరిక్కావాలి?"

భద్రయ్య తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. అరచేయి తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"అయితే నేను నొక్కానన్నమాట," అన్నాడు.

"రెండు సార్లూ నొక్కావు," అన్నాడు మీరావలి.

వెంకాయమ్మ ఆ గుడ్డనే చూస్తోంది. దాని మీద పసుపు, కుంకుమ మరకలున్నాయి. ఆమెకు ఇంజనుల సంగతి తెలియదు గానీ, రంగుల సంగతి తెలుసు.

"నేను రాయడం వల్లనా అన్నయ్యా?" అంది. 

మీరావలి గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పసుపుదేం తప్పు చెల్లెమ్మా. ఏ గొట్టమైనా ఊది చూసి బిగించాలని పదిమందికి నేర్పినోణ్ణి. ఒళ్ళు బద్ధకించి రంగు చూసి బిగించా. అద్దాలు కూడా పెట్టుకోలా. దానికి నువ్వేం చేస్తావు?"

ఇందులో అబద్ధం లేదు. నిజం మొత్తం కూడా లేదు. నిజాన్ని అటూ ఇటూ ఒకేలా కోయకుండా, తన వైపు పెద్ద ముక్క ఉంచుకుని ఎదుటివాళ్ళకు చిన్న ముక్క ఇవ్వడం మనుషుల్లో కొందరికి తెలుసు. మనిషి జాతి మీద నాకు ఫిర్యాదులున్నాయి. ఆ రోజు వాటిలో కొన్ని వదిలేసుకున్నాను.

వెంకాయమ్మ క్యారియరు తెరిచి, ముందు మీరావలికి ఇడ్లీలు పెట్టింది.

మమ్మల్ని ఊది చూసి సరిగ్గా బిగించి, ఆ మధ్యాహ్నమే మళ్ళీ మిల్లుకు వెళ్ళారు. బటను నొక్కిన ప్రతిసారీ ట్యాంకులో ఖాళీ కాస్త తరిగేది, నేను ఆ తరిగినదాన్ని వెంటనే తెచ్చిపెట్టేవాణ్ణి. మొదటి గేరు, రెండు, మూడు. మలుపు దగ్గర మళ్ళీ రెండు. భద్రయ్య పెదాలు బిగించి, రోడ్డే లేని ఆ సిమెంటు నేల మీద రోడ్డును చూస్తున్నట్టు చూశాడు. మూడో చుట్టులో ఎక్సలేటరు తొక్కేసరికి టర్బో ఊళ వేసింది, తమ్ముడు తన పని తాను చేశాడు. నాలుగో చుట్టులో భద్రయ్య హారను కొట్టాడు. ఎదురుగా ఎవరూ లేరు. ఊరికే కొట్టాడు.

తర్వాత ప్రతి ఆదివారం ఆయన వచ్చేవాడు. కాగితాల కోసం ఎవరెవరినో కలిశాడు, రకరకాల సమాధానాలు వచ్చాయి, ఏదీ కాగితంగా మారలేదు. ఆ కారు ఆ గోడ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. దానికి ఆయన పెద్దగా బాధపడినట్టు నాకు కనిపించలేదు.

మరుసటి దసరాకు వెంకాయమ్మ స్టీరింగుకు ఒక్క బొట్టు పెట్టి గిన్నె పక్కన పెట్టేసింది. మీరావలి ఒప్పుకోలేదు. "మూత ఎత్తా, రా. గొట్టాలకు పెట్టు," అన్నాడు. అప్పటికే ఆయన నా రెండు కొసలకూ సన్నటి ఇత్తడి తీగ ఉంగరంలా చుట్టి ఉంచాడు, తమ్ముడికి ఏమీ చుట్టలేదు. ఇక రంగులతో పని లేదు. ఆమె ఎంత పసుపు రాసినా, ఎన్ని బొట్లు పెట్టినా వేలితో తడిమితే ఎవరు ఎవరో తెలుస్తుంది. ఆయన దాని గురించి ఆమెకు చెప్పలేదు. ఆమె వేళ్ళకు తీగ తగిలింది, ఆమె కూడా అడగలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా రాసింది.

రబ్బరుకు ఆయుష్షు తక్కువ. చల్లటి దారిలో ఉన్నా ఇంజను పక్కన బతుకు వేడి బతుకే. నాలుగో ఏడు నా కొస దగ్గర సన్నటి పగుళ్ళు వచ్చాయి. మీరావలి కొత్త గొట్టం తెచ్చి, పెదాల మధ్య పెట్టుకుని పీల్చి చూసి, నా స్థానంలో బిగించాడు. నన్ను పారెయ్యలేదు. పాత ఫ్యాను బెల్టుల పక్కన మేకుకు తగిలించాడు. ఎప్పుడైనా అంగుళం ముక్క అవసరమైతే నా నుంచి కోసుకుంటాడు. ఇప్పటికి జానెడు తగ్గాను. మిగిలిన నేను ఇక్కడ వేలాడుతూ, గాలి వేస్తే కొంచెం ఊగుతూ ఉంటాను.

తీరిక చాలా ఉంది కాబట్టి జరిగినవన్నీ తలుచుకుంటాను. కానీ ఎక్కువగా గుర్తొచ్చేది మొదటిసారి నడిపిన రోజు కాదు. పగుళ్ళు రావడానికి కొన్ని నెలల ముందు ఒక ఆదివారం.

వెంకాయమ్మ అంతవరకూ ఆ కారెక్కలేదు. దూది బేళ్ళకు తగిలిన రోజు నుంచి గోడ నీడనే నిలబడి చూసేది, ఎంత పిలిచినా రానని తల అడ్డంగా ఊపేది. ఆ వారం ఆమె చెల్లెలి కూతురి కాన్పుకని ఆసుపత్రిలో రెండు రాత్రులు మేలుకుంది. నిలబడే ఓపిక లేదు. తనే వచ్చి తలుపు తీసుకుని పక్క సీట్లో కూర్చుంది.

"మెల్లగా పోనియ్యి," అంది.

"మెల్లగానే," అన్నాడు భద్రయ్య.

మొదటి చుట్టు ఆమె రెండు చేతులతో సీటు పట్టుకుంది. రెండో చుట్టులో ఒక చెయ్యి వదిలింది. మూడో చుట్టులో, పుట్టిన పిల్లకు తల్లి ముక్కు వచ్చిందని చెబుతూ చెబుతూ మాట మధ్యలో ఆగింది. భద్రయ్య పక్కకు చూశాడు. ఆమె తల తలుపు అంచుకు ఆనించి నిద్రపోతోంది.

ఆయన బండి ఆపలేదు. ఆపితే కుదుపుకు లేస్తుంది. బటను నొక్కి, ఒక్కొక్క వేలు తీసినట్టు మెల్లగా వదులుతూ గేరు మార్చాడు. క్లచ్చు పట్టిన సంగతి ఆయనకే తెలియనంత మెత్తగా పట్టింది. ఆ మెత్తదనమంతా నాలోంచే పోయింది, నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. ఎండ గోడ ఎక్కి దిగింది. గేటు దగ్గర మీరావలి చెయ్యి ఊపి, ఇక చాలు రమ్మన్నాడు. భద్రయ్య వేలు పెదాల మీద పెట్టుకుని చూపించి ముందుకు పోయాడు. మీరావలి గేటు పక్క రాతి మీద కూర్చున్నాడు.

ఎన్ని చుట్లు తిరిగామో నేను లెక్కపెట్టలేదు. పెట్రోలు అయిపోయి బండి దానంతటదే నిమ్మళంగా ఆగింది. ఆ నిశ్శబ్దానికి వెంకాయమ్మ కళ్ళు తెరిచింది. చుట్టూ చూడకుండానే చెంగుతో మొహం తుడుచుకుంది.

"వచ్చేశామా?" అంది.

"ఆఁ, వచ్చేశాం," అన్నాడు భద్రయ్య.